కలిపి నెట్టినప్పుడు

ఒకదానికొకటి ఆనుకుని ఉన్న రెండు వస్తువులను వెనక నుంచి నెట్టినప్పుడు, చెయ్యి పెట్టిన బలం మొత్తం ముందున్న వస్తువుకు చేరదు. వెనకదీ కదలాలి కాబట్టి, దాని కదలికకు కావలసిన భాగం అక్కడే ఆగిపోతుంది. మిగిలిందే ముందుకు అందుతుంది. ఎంత ఆగుతుందో, ఎంత అందుతుందో న్యూటన్ గమన నియమాలు లెక్కగట్టి చెబుతాయి. కాకపోతే వాటిని అడగడానికి ముందు ఒక పని చెయ్యాలి. ఏ వస్తువు గురించి అడుగుతున్నారో దాని చుట్టూ ఒక గీత గీయాలి. ఆ గీత ఎక్కడ పడిందో దాన్నిబట్టే ఏ బలం లెక్కలోకి వస్తుందో, ఏది రాదో తేలుతుంది.

ఈ లెక్కలు చేసి చూడటానికి ఆర్మూర్ చాలా అనువైన చోటు. నిజామాబాద్ జిల్లాలో 44వ, 63వ జాతీయ రహదారులు కలిసే ఈ పట్టణం చుట్టూ పసుపు విరివిగా పండుతుంది. సంక్రాంతి దాటాక తవ్వకాలు ఊపందుకుంటాయి. తవ్విన పసుపును ఉడకబెట్టి, కళ్లాల్లో ఎండబోసి, తిరిగే డ్రముల్లో వేసి మెరుగు పెట్టి, కొమ్ములు వేరు, మండ వేరు చేసి గోనె సంచులకు ఎత్తుతారు. ఇందులో చాలా పంట ట్రాలీలెక్కి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు వెళుతుంది. కళ్లం నుంచి కాంటా దాకా, కాంటా నుంచి లారీ దాకా ఈ సరుకు నడిచే దారిలో ఒక బస్తా మరో బస్తాను నెట్టని ఘట్టం దాదాపు ఉండదు.

మొదట ఘర్షణ గొడవ లేని సందర్భం. చక్రాలు తేలిగ్గా తిరిగే రెండు తోపుడు బండ్లు, చదునైన సిమెంటు గచ్చు మీద ఒకదాని వెనక ఒకటి ఆనుకుని ఉన్నాయనుకోవాలి. వెనక బండి సరుకుతో కలిపి 300 కిలోలు, ముందు బండి 200 కిలోలు. హమాలీలు వెనక బండిని 250 న్యూటన్ల బలంతో నెడుతున్నారు. న్యూటన్ అంటే ఎంతో అంచనా కావాలంటే, ఒక కిలో బాటును అరచేతిలో కదలకుండా పట్టుకోవడానికి సుమారు 10 న్యూటన్లు కావాలి. కాగితం దగ్గరున్నవారు రెండు పెట్టెలు పక్కపక్కన గీసుకుంటే మిగతాది సులువుగా సాగుతుంది.

మొదటి గీత రెండు బండ్ల చుట్టూ కలిపి గీయాలి. ఇప్పుడు లోపల 500 కిలోల ద్రవ్యరాశి ఉంది. బయటి నుంచి దాని మీద పనిచేసే క్షితిజ సమాంతర బలం 250 న్యూటన్లు. రెండో నియమం ప్రకారం బలాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే త్వరణం వస్తుంది: సెకనుకు సెకనుకు అర మీటరు. రెండు బండ్లూ ఆనుకునే కదులుతున్నాయి కనుక ఈ త్వరణం రెండింటికీ ఒక్కటే. బండికీ బండికీ మధ్య ఉన్న బలం ఈ లెక్కలో ఎక్కడా కనిపించలేదు. అది గీతకు లోపల ఉండిపోయింది.

ఆ లోపలి బలమే కావాలంటే గీతను చెరిపి మళ్లీ గీయాలి, ఈసారి ముందు బండి ఒక్కదాని చుట్టూ. లోపల 200 కిలోలు, త్వరణం అర మీటరు. కాబట్టి దాని మీద 100 న్యూటన్ల బలం పనిచేస్తూ ఉండాలి. హమాలీ చెయ్యి ముందు బండిని తాకలేదు. తాకింది వెనక బండి మాత్రమే. అంటే ఆ 100 న్యూటన్లూ వెనక బండి పెట్టినవే. రెండు వస్తువులు తాకే చోట పుట్టే ఇలాంటి బలాన్ని స్పర్శబలం అంటారు. సరిచూసుకోవడానికి గీతను వెనక బండి చుట్టూ తిప్పవచ్చు. దాన్ని హమాలీలు 250 న్యూటన్లతో ముందుకు నెడుతున్నారు, ముందు బండి 100 న్యూటన్లతో వెనక్కు నెడుతోంది. తేడా 150. దాన్ని 300 కిలోలతో భాగిస్తే మళ్లీ అర మీటరే వస్తుంది.

ఇప్పుడు హమాలీలు అవతలి వైపుకు వెళ్లి, అదే 250 న్యూటన్లతో 200 కిలోల బండిని నెడితే? మొత్తం త్వరణం మారదు, అదే అర మీటరు. స్పర్శబలం మాత్రం 150 న్యూటన్లకు పెరుగుతుంది, ఎందుకంటే ఇప్పుడు అవతల కదలాల్సింది 300 కిలోల బండి. బండ్లు అవే, నెట్టే చేతులు అవే, వేగం పెరిగే తీరూ అదే. మధ్యలో ఒత్తిడి ఒక్కటే ఒకటిన్నర రెట్లయింది. చెప్పదలచుకున్నదంతా ఈ తేడాలోనే ఉంది. మొత్తం కదలిక తెలిసినంత మాత్రాన లోపలి బలాలు తెలిసినట్టు కాదు. సంచి కుట్టు తెగేది ఆ లోపలి బలాల వల్లే.

విద్యార్థులు ఇక్కడ రెండు చోట్ల తడబడతారు. 250 న్యూటన్లూ యథాతథంగా ముందు బండికి చేరతాయనుకోవడం మొదటిది. అదే నిజమైతే వెనక బండి మీద ముందుకు 250, వెనక్కు 250 పడి, ఫలిత బలం సున్నా అవుతుంది. అది కదలనే కూడదు. రెండోది ఇంకా లోతైనది. చర్య, ప్రతిచర్య సమానం, వ్యతిరేకం కనుక ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి కదా, ఇక ఏ వస్తువైనా ఎలా కదులుతుంది అన్న సందేహం అది. మంచి సందేహమే; దాన్ని కోప్పడి మూయించకూడదు. వెనక బండి ముందు బండిని నెట్టే 100 న్యూటన్లు ముందు బండి ఖాతాలోవి. ముందు బండి తిరిగి నెట్టే 100 న్యూటన్లు వెనక బండి ఖాతాలోవి. వేర్వేరు వస్తువుల మీద పడే బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు. రెండు బండ్లనూ ఒకే గీతలోకి తెచ్చినప్పుడే అవి రద్దవుతాయి. అప్పుడు రద్దవడమే సరైనది కూడా.

1687లో వెలువడిన ప్రిన్సిపియాలో న్యూటన్ ఈ మూడో నియమాన్ని తేల్చడానికి ఎంచుకున్న దారి కూడా ఆనుకుని ఉన్న వస్తువులదే. ఒకదాన్నొకటి ఆకర్షించుకునే రెండు వస్తువుల మధ్య, అవి కలవకుండా ఏదో అడ్డు ఉందనుకున్నాడు. ఒకటి ఎక్కువగా, మరొకటి తక్కువగా లాగితే, ఆ అడ్డు మీద రెండు వైపుల ఒత్తిడీ సమానంగా ఉండదు. అప్పుడు బయటి నుంచి ఎవరూ తాకకుండానే ఆ మూడూ కలిసి ఒక దిక్కుకు, అంతకంతకూ వేగంగా పోతూ ఉండాలి. అది మొదటి నియమానికే విరుద్ధం. ఈ వాదంతో ఊరుకోక న్యూటన్ ప్రయోగం కూడా చేశాడు. అయస్కాంతాన్ని ఒక పాత్రలో, ఇనుమును మరో పాత్రలో పెట్టి నిశ్చలమైన నీటి మీద తేలనిచ్చాడు. పాత్రలు ఒకదాన్నొకటి నొక్కుకుని, చివరికి కదలకుండా నిలిచాయి. ఏదీ రెండోదాన్ని తోసుకుపోలేదు. ఆ తరువాత 1750లో ఆయిలర్ మరో అడుగు వేశాడు. బలానికీ త్వరణానికీ ఉన్న సంబంధం వస్తువు మొత్తానికే కాదు, అందులోని ప్రతి చిన్న ముక్కకూ వర్తిస్తుందని స్పష్టం చేశాడు. గీతను ఎక్కడైనా గీయవచ్చన్న స్వేచ్ఛ ఇంజనీర్ల చేతికి అక్కడి నుంచే పూర్తిగా వచ్చింది.

ఇక చక్రాలు లేని సందర్భం. 60 కిలోల కొమ్ము బస్తా, దాని ముందు సగానికి పైగా నిండిన 40 కిలోల మండ బస్తా, రెండూ కలిపి సరిగ్గా క్వింటాలు, గచ్చు మీద ఆనుకుని ఉన్నాయి. నేల ఘర్షణతో అడ్డుకుంటుంది. ఘర్షణ బరువుకు అనుపాతంలో ఉంటుందనీ, తాకే వైశాల్యం మీద ఆధారపడదనీ ఫ్రాన్సులో అమాంటన్స్ 1699లో చెప్పాడు. 1781లో కూలుంబ్ విస్తారమైన ప్రయోగాలతో దాన్ని నిలబెట్టాడు. మెత్తని బస్తా విషయంలో ఇది ఉజ్జాయింపే అయినా, పడుకోబెట్టినా నిలబెట్టినా ఈడ్వడానికి పట్టే బలంలో పెద్ద తేడా ఉండదన్నమాట. ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే, కొమ్ము బస్తాను నేల గరిష్ఠంగా 240 న్యూటన్లతో, మండ బస్తాను 160 న్యూటన్లతో పట్టి ఉంచుతుంది. రెండూ కలిపి 400.

వెనక నుంచి 450 న్యూటన్లతో నెడితే బస్తాలు జారతాయి. ఘర్షణ పోగా మిగిలింది 50 న్యూటన్లు. 100 కిలోలకు అది అర మీటరు త్వరణాన్నిస్తుంది. ముందున్న మండ బస్తాకు తన ఘర్షణను దాటడానికి 160, వేగం పుంజుకోవడానికి 20, మొత్తం 180 న్యూటన్లు అందాలి. ఇప్పుడు ఘర్షణను పూర్తిగా మరిచిపోయి, 450 న్యూటన్లను బరువుల నిష్పత్తిలో పంచి చూస్తే 40 కిలోల వాటా ఎంత? అదీ 180 న్యూటన్లే. ఇది కాకతాళీయం కాదు. రెండు బస్తాల సంచీ ఒకే రకమైనదై, నేలా ఒకే తీరున ఉంటే, ఘర్షణ కూడా బరువుల నిష్పత్తిలోనే పంచుకోబడుతుంది. అందువల్ల జారుతున్నంతసేపూ స్పర్శబలం వాటా మారదు. నున్నటి గచ్చయినా గరుకు నేలయినా, చెయ్యి పెట్టే బలం ఒకటే అయితే మధ్య ఒత్తిడి ఒకటే. గరుకు నేల మీద త్వరణం తగ్గుతుంది, అంతే.

బస్తాలు కదలకముందు జరిగేది దీనికంటే ఆసక్తికరం. పాఠాల్లో దీన్ని తరచుగా దాటేస్తారు. 200 న్యూటన్లతో నెట్టారనుకోవాలి. ఏదీ కదలదు. మరి మండ బస్తా మీద ఎంత బలం పడుతోంది? గమన నియమాలు ఒక హద్దు మాత్రమే చెప్పగలవు: సున్నా నుంచి 160 దాకా ఎంతైనా కావచ్చు. వెనక బస్తాను నేల ఒక్కటే 240 న్యూటన్ల దాకా పట్టి ఉంచగలదు కాబట్టి, 200 మొత్తాన్నీ నేలే భరించవచ్చు. కొంత ముందుకు అందనూ వచ్చు. ఏది జరుగుతుందన్నది బస్తాలను ముందు ఎలా ఉంచారన్న దాని మీద ఆధారపడుతుంది. బిగించకుండా మెల్లగా ఆనించి ఉంచితే, మొదట వెనక బస్తాయే ఆ బలాన్నంతా నేలకు అప్పగిస్తుంది. నెట్టేది 300కు పెరిగితే మాత్రం నియమాలు గట్టిగా మాట్లాడతాయి. నేల 240కి మించి పట్టలేదు కనుక కనీసం 60 న్యూటన్లు ముందు బస్తాకు అంది తీరాలి. కదలని వస్తువు మీద ఘర్షణ ఎప్పుడూ గరిష్ఠంగానే ఉంటుందని అనుకోవడం పొరపాటు. నిలిచి ఉన్నప్పుడు అది అవసరమైనంతే ఉంటుంది. గరిష్ఠం దాని హద్దు.

బస్తాల సంఖ్య పెరిగితే పద్ధతి మారదు. సమానమైన ఆరు బస్తాలు వరుసగా ఉంటే, చెయ్యి పెట్టిన బలంలో ఆరింట అయిదు వంతులు మొదటి సందులో, ఆరింట నాలుగు వంతులు రెండో సందులో, చివరి సందులో ఆరింట ఒక వంతు ఉంటుంది. నెట్టే చేతికి దగ్గర్లో ఉన్న బస్తా ఎక్కువగా నలుగుతుంది. ఆర్మూర్ మీదుగా వెళ్లే, 2017లో పూర్తయిన పెద్దపల్లి–నిజామాబాద్ రైలు మార్గంలో ఇదే లెక్క పెద్ద అంకెల్లో నడుస్తుంది. సరుకుతో కలిపి 80 టన్నులుండే వ్యాగన్లు 40 ఉన్నాయనీ, వాటి వేగం సెకనుకు సెకనుకు 5 సెంటీమీటర్ల చొప్పున పెరుగుతోందనీ అనుకుని, ఘర్షణను పక్కన పెడితే, ఇంజను వెనక మొదటి కొక్కెం 1,60,000 న్యూటన్ల బలాన్ని మోయాలి. చిట్టచివరి కొక్కెం మోసేది 4,000 మాత్రమే. ఇంజను లాగినా, వెనక నుంచి నెట్టినా ఈ పంపకం ఒకటే. బస్తాలకూ వ్యాగన్లకూ తేడా ఒక్కటే: కొక్కెం లాగగలదు, విడి బస్తా లాగలేదు.

లారీ నుంచి వాలుగా పెట్టిన చెక్క పలక మీదుగా బస్తాలను జారవిడిచేటప్పుడు ఈ తేడా కళ్లకు కడుతుంది. పలక వాలు 30 డిగ్రీలు. ఒకటి గోనె సంచి, దాని ఘర్షణ గుణకం 0.5 అనుకుందాం. మరొకటి నున్నటి ప్లాస్టిక్ సంచి, 0.3. రెండూ 50 కిలోలే. విడిగా వదిలితే ప్లాస్టిక్ సంచి సెకనుకు సెకనుకు 2.4 మీటర్ల త్వరణంతో జారుతుంది, గోనె సంచి 0.67 మీటర్లతో. గోనె సంచి కింద, ప్లాస్టిక్ సంచి పైన ఆనుకుని ఉంటే, పైది తొందరపడి కిందిదాన్ని నెడుతుంది. రెండూ సుమారు 1.5 మీటర్ల త్వరణంతో కలిసి దిగుతాయి. మధ్య స్పర్శబలం సుమారు 43 న్యూటన్లు. వరుస తిరగేసి ప్లాస్టిక్ సంచిని కింద పెడితే, అదే సమీకరణం స్పర్శబలాన్ని రుణ సంఖ్యగా చూపుతుంది. అంటే కలిసి దిగాలంటే పై బస్తా కిందిదాన్ని వెనక్కు లాగి పట్టుకోవాలి. తాడు కట్టని బస్తా ఆ పని చెయ్యలేదు. కాబట్టి అవి విడిపోతాయి, స్పర్శబలం సున్నా అవుతుంది, ఎవరి త్వరణం వారిదవుతుంది. సమాధానం రుణ సంఖ్యగా వచ్చిందంటే గణితం తప్పినట్టు కాదు. ఆనుకునే ఉంటాయన్న మొదటి ఊహే తప్పని అది చెబుతోంది. రెండూ ఒకే రకం సంచులైతే, ఒకటి 30 కిలోలు, మరొకటి 70 కిలోలైనా సరే, జారేటప్పుడు అవి ఒకదాన్నొకటి నెట్టుకోవు. రెండింటి త్వరణమూ ఒకటే కాబట్టి నెట్టాల్సిన అవసరం రాదు.

మెరుగు పెట్టే డ్రమ్ము ఈ నియమాల మరో ముఖాన్ని చూపిస్తుంది. డ్రమ్ము తిరుగుతుంటే వేల కొమ్ములు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ, రాసుకుంటూ, జాలీ గోడకు ఒరుసుకుంటూ దొర్లుతాయి. కొమ్ముకూ కొమ్ముకూ మధ్య బలాలన్నీ జంటలే. మొత్తంగా కూడితే సున్నా. అయినా పైపొట్టూ, వేళ్ల తునకలూ రాలిపోవడంలో ఆ జంటల పాత్ర పెద్దది. రాపిడిలో రెండు కొమ్ముల మీదా సమానమైన బలమే పడుతుంది కనుక రెండూ అరుగుతాయి. బాగా ఆరని, మెత్తగా ఉన్నది ఎక్కువ నష్టపోతుంది. మూడో నియమం సమానం చేసేది బలాలను మాత్రమే. ఆ బలం వల్ల జరిగే మార్పు దేనికి ఎంతన్నది ఆ వస్తువు ద్రవ్యరాశిని, గట్టిదనాన్ని బట్టి ఉంటుంది.

చివరిగా రోడ్డు. ట్రాక్టరు ట్రాలీలో ముందు నుంచి వెనక్కు అయిదు బస్తాల వరుస, ఒక్కోటి 60 కిలోలు. రద్దీలో డ్రైవరు బ్రేకు వేస్తే ట్రాలీ వేగం తగ్గుతుంది. బస్తాల వేగాన్ని తగ్గించేది వాటి కింద ఉన్న పలకల ఘర్షణ. గుణకం 0.4 అయితే ఆ ఘర్షణ సెకనుకు సెకనుకు 4 మీటర్ల దాకా వేగాన్ని తగ్గించగలదు. మెల్లగా, 3 మీటర్ల చొప్పున ఆపితే ఏ బస్తా ముందుదాన్ని నెట్టాల్సిన పనిలేదు. గట్టిగా, 5 మీటర్ల చొప్పున ఆపితే మాత్రం ఒక్కో బస్తాకు ఇంకా 60 న్యూటన్లు తక్కువ పడతాయి. ఆ లోటును దాని ముందున్నదే తీర్చాలి. అయిదో బస్తా లోటు నాలుగోదాని మీద, ఆ రెండింటిదీ మూడోదాని మీద పడుతూ పోతుంది. మొదటి బస్తా వెనక వైపు కనీసం 240, ట్రాలీ ముందు పలక మీద కనీసం 300 న్యూటన్లు పడతాయి. ముందు బస్తాలు ఎక్కువగా నలగడానికి కారణం ఇదే.

ఈ అంకెలన్నీ బస్తాలు ముందు నుంచే ఆనుకుని ఉంటేనే. మొదటి బస్తాకూ పలకకూ మధ్య 12.5 సెంటీమీటర్ల ఖాళీ వదిలారనుకోవాలి. అదే బ్రేకుకు బస్తా ముందుకు జారి, పలకను చేరేసరికి దానితో పోలిస్తే సెకనుకు అర మీటరు వేగం అందుకుంటుంది. ఆ వేగం సెకనులో ఇరవయ్యో వంతు కాలంలో ఆగిపోవాలంటే, ఆ ఒక్క బస్తా పలకను సగటున 600 న్యూటన్లకు మించిన బలంతో గుద్దుతుంది. ఆనుకుని ఉన్నప్పుడు దాని సొంత వాటా 60 మాత్రమే. ఇక్కడ వాటాలు పంచే పద్ధతి చెల్లదు. ద్రవ్యవేగం ఎంత మారింది, ఎంతసేపట్లో మారింది అన్న లెక్క చెయ్యాలి. లోడు ఎత్తేటప్పుడు హమాలీలు బస్తాలను సందు లేకుండా ముందు పలకకు చేర్చి పేర్చి, వెనక నుంచి మోకుతో బిగించి కడితే రెండు పనులు జరుగుతాయి. బ్రేకు వేసినప్పుడు గుద్దుడు ఉండదు. ట్రాక్టరు ఒక్కసారిగా ముందుకు దూకినప్పుడు వెనక వరుస విడివడి సందు పడకుండా, బస్తాలు చెయ్యలేని లాగుడు పనిని ఆ మోకు చేస్తుంది.